పంతొమ్మిది ఒకట్లు

హాస్టలు, యూనివర్సిటీ క్యాంపస్
1968 డిసెంబరు 10

విశాలాక్షి మేడమ్ గారికి,

నిన్న సెమినార్ అయ్యాక మీ గది తలుపు కొట్టాను. తలుపు తీయకుండానే, "చెప్పేది ఉంటే కాగితం మీద రాసి పోస్టులో వేయండి" అన్నారు. మీ ఇంటికీ నా హాస్టలుకూ మధ్య తార్నాక చౌరస్తా తప్ప ఏమీ లేదు. అయినా మీరు చెప్పినట్టే స్టాంపు అంటించి పంపుతున్నాను.

ఒకటి పక్కన ఒకటి పెడుతూ పంతొమ్మిది ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్య ప్రధాన సంఖ్య కాదని, ఒకటీ తానూ కాక దాన్ని భాగించే సంఖ్య ఇంకేదో ఉందని అందరి ముందూ చదివారు. ఆ లెక్క చేసింది మనిద్దరం. ఎండాకాలమంతా మీరు లెక్కల మిషను పిడి తిప్పారు, నేను అంకెలు రాశాను. మీ వ్యాసంలో చిట్టచివర 'గణన సహాయం: ఇన్నయ్య' అని ఉంది. బజారు నుంచి సామాను మోసుకొచ్చినవాడికి కూడా అంతకన్నా మర్యాద దక్కుతుంది.

పేరు సంగతి అట్లా ఉంచండి. లెక్కను మొదటినుంచి రెండోసారి చేసి, రెండుసార్లూ ఒకే జవాబు వస్తేనే బయటపెట్టాలని మాట్లాడుకున్నాం. మీరు ఒక్కసారికే చదివేశారు. రీడర్ పోస్టుకు ఇంటర్వ్యూ దగ్గర పడిందని డిపార్ట్‌మెంటులో అటెండరుకు కూడా తెలుసు.

నా మాట రాసి పెట్టుకోండి. ఆ సంఖ్య ప్రధాన సంఖ్యే. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఉంటే, అందులోంచి ఒకటి తీసేసినప్పుడు మిగిలింది ముప్పై ఎనిమిదితో శేషం లేకుండా తెగాలి. అలాంటివన్నీ లక్షదాకా చూశాను. ఒక్కటీ పట్టలేదు. మీరు చదివింది తప్పు అని తేలడం ఖాయం. ఎప్పటికైనా అయితది.

ఇన్నయ్య


తార్నాక
1968 డిసెంబరు 15

ఇన్నయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. కోపాన్ని గణితం అనుకునే అలవాటు మీకు ఇంకా పోలేదు.

లక్షదాకా చూశారు. చూడవలసింది వంద కోట్లు దాటి. పదిహేడు ఒకట్ల సంఖ్యను చీల్చే మొదటి గుణకం ఇరవై లక్షలు దాటాక గానీ తగలదు. మీలాగా లక్ష దగ్గర ఆగినవాడు దాన్ని కూడా ప్రధాన సంఖ్యే అని ప్రమాణం చేసి ఉండేవాడు.

నేను చదివింది నమ్మకం కాదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అయితే, దానికన్నా ఒకటి తక్కువ సంఖ్యలో మూడులు తీసుకుని ఒకదానితో ఒకటి హెచ్చించి ఆ సంఖ్యతో భాగించినప్పుడు శేషం ఒకటి రావాలి. మనకు ఒకటి రాలేదు. కాబట్టి అది ప్రధాన సంఖ్య కాదు. గుణకం ఏదో తెలియకపోయినా ఫరవాలేదు. ప్రతి మెట్టు దగ్గరా అంకెలు కూడి తొమ్మిదితో సరిచూశాం. ప్రతిసారీ సరిపోయింది. మీరే పక్కన టిక్కు పెట్టారు.

ఇంటర్వ్యూ సంగతి ఎత్తారు. అవును, ఉంది. నేను మాట్లాడటానికి లేవగానే ఆ గదిలోని పెద్దమనుషులు గడియారాలు చూసుకోవడం మీరు గమనించి ఉండరు. మీ వైపు చూసి ఎవరూ అలా చేయరు. ఏడేళ్ళుగా ఆ గడియారాల ముందు నిలబడి పాఠం చెబుతున్నాను. నాకు దక్కేదేదో నేను అడిగి తీసుకుంటాను.

మిషను గది తాళం ఇకపై నా దగ్గరే ఉంటుంది. ఇంకొక మాట. 'అయితది' అని రాశారు. 'అవుతుంది' అనాలి. పరిశోధక విద్యార్థి రాసే తెలుగు కనీసం తెలుగులా ఉండాలి.

విశాలాక్షి


హాస్టలు, యూనివర్సిటీ క్యాంపస్
1969 జనవరి 22

మేడమ్ గారికి,

క్లాసులు బందయ్యాయి కనుక నాకు తీరిక దొరికింది. క్లాసులు ఎందుకు బందయ్యాయో మీ కిటికీలోంచి వినబడుతూనే ఉండాలి. మా ఊళ్ళ పిల్లలకు రావలసిన నౌకర్లు మా పిల్లలకు ఇవ్వమంటున్నాం. ఊరేగింపులో నేనూ ఉన్నాను. దాచుకోవలసిన సంగతి కాదు.

'అయితది' మా అమ్మ అమృతమ్మ మాట. ఆమెకు చదువు లేదు. మీకు అర్థమైంది కాబట్టే దిద్దగలిగారు. అర్థమైన మాట తెలుగు కాకుండా ఎట్లా పోతుందో మీ తెనాలి పండితులను అడిగి చెప్పండి. పోయిన ఏడు మీ ఇంట్లో అన్నం తింటున్నప్పుడు కూడా నేను ఇట్లాగే మాట్లాడాను. అప్పుడు మీ అమ్మగారు శ్యామలాంబ గారు నవ్వి ఇంకో గరిటె పప్పు వేశారు. మీరు అప్పుడు నన్ను 'నువ్వు' అనేవారు. ఇప్పుడు 'మీరు' అయ్యాను. మర్యాదతో కూడా మనిషిని గెంటవచ్చని మీ దగ్గరే నేర్చుకున్నాను.

తాళం మీ దగ్గరే ఉంచుకోండి. మిషను లేకుండానే లెక్క మొదలుపెట్టాను. మన సంఖ్యను తొమ్మిదితో హెచ్చిస్తే పంతొమ్మిది తొమ్మిదులు వస్తాయి. కనుక ఎంత పెద్ద లబ్ధం వచ్చినా భాగహారం అక్కర్లేదు. కుడివైపు పంతొమ్మిది అంకెల దగ్గర కోసి, ఎడమ ముక్కను తెచ్చి కుడి ముక్కకు కలిపితే చాలు, శేషం విషయంలో తేడా రాదు. దుప్పటి మడిచినట్టే. ఈ కిటుకు నేను చెప్పిందే. మీ వ్యాసంలో 'మేము గమనించితిమి' అని ఉంది. ఆ 'మేము'లో ఎవరెవరున్నారు?

మూడుకు వర్గం, ఆ వర్గానికి మళ్ళీ వర్గం, అట్లా దాదాపు అరవై వర్గాలు చేయాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అవుతున్నాయి. చూస్తూ ఉండండి.

ఇన్నయ్య


తార్నాక
1969 ఫిబ్రవరి 20

ఇన్నయ్య గారికి,

నిన్న మధ్యాహ్నం మా గేటు మీద తారుతో 'గో బ్యాక్' అని రాశారు. ఆ తర్వాత రాయి పడింది. వరండా కిటికీ అద్దం పగిలి మా అమ్మ చేతి మీద గీరుకుంది. లోతు లేదు.  సాయంత్రం ఆవిడ ఒక్క మాట అడిగింది: "మనం ఎవరిదైనా ఏమన్నా తీసుకున్నామటే?"

 మా నాన్న ఇక్కడికి బదిలీ మీద వచ్చారు. ఇక్కడే పోయారు. ఆయన బూడిద ఇక్కడి మూసీలోనే కలిసింది. వెనక్కి పొమ్మంటే ఎక్కడికో నాకు తెలియదు.

రాసిన కుర్రాళ్ళు మీ హాస్టలు వైపు పరుగెత్తారని పక్కింటివాళ్ళు చెప్పారు. నా ఇల్లు వాళ్ళకు చూపించింది ఎవరో నేను అడగను. మా ఇంట్లో అన్నం తిన్న ఊరేగింపు మనిషి ఒక్కరే ఉన్నారు.

మీ లెక్క ఎలా తేలినా నాకు పంపవద్దు.

విశాలాక్షి


లాలాపేట
1969 మార్చి 18

మేడమ్ గారికి,

హాస్టలు ఖాళీ చేయించారు. మా చిన్నాయన రాజలింగం ఇంట్లో ఉంటున్నాను. అందుకే మీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. పంపవద్దన్నారు. పంపుతున్నాను.

మొదట రాయి సంగతి. నేను రాయి విసిరేవాణ్ణయితే నా పేరు చెప్పి మరీ విసురుతాను. మీ ఇల్లు నేను ఎవరికీ చూపలేదు. ఎవరు చేశారో తెలుసుకున్నాను. ఇద్దరు. వాళ్ళతో నేను మాట్లాడిన మాటలు మీకు రాయదగ్గవి కావు. శ్యామలాంబ గారికి ఈ సంగతి చెప్పండి. మీరు నమ్మినా నమ్మకపోయినా నాకు ఒక్కటే. ఆవిడ నమ్మాలి. కానీ ఊరేగింపు మాత్రం మానను. రాయి వేసినవాడిది తప్పైతే అడిగేవాళ్ళందరిదీ తప్పు కాదు.

ఇప్పుడు లెక్క. ఎండాకాలం లెక్కకు నా దగ్గరున్న నకలుతో పోల్చి చూశాను. నలభయ్యో వర్గం దాకా మీ అంకెలూ నా అంకెలూ ఒక్కటే. నలభై ఒకటో దాని దగ్గర తేడా వచ్చింది. మళ్ళీ చేశాను. తేడా అట్లాగే ఉంది. చిన్నాయన గోడకు ఆనుకుని చూస్తూ, "ఏందిరా, పొద్దటి సంది గా అంకెలేంది? గిట్ల రాస్తె నౌకరొస్తదా?" అన్నాడు. "నౌకరు రాదు చిన్నాయనా, ఒకామె నోరు మూతపడ్తది" అన్నాను.

నలభయ్యో జవాబులో ఎడమ నుంచి ఏడో అంకె సున్నా. దాని బదులు తొమ్మిది పెట్టి వర్గం చేసి చూశాను. అచ్చం మీ నలభై ఒకటో జవాబు వచ్చింది. అంటే నేను సున్నా రాశాను, మీరు తొమ్మిది అని చదివి మిషనులో ఎక్కించారు. అంకెలు కూడి తొమ్మిదితో చూసే పరీక్షకు సున్నా అయినా తొమ్మిది అయినా ఒకటే కదా. అది పట్టుకోలేదు. మనం టిక్కులు పెట్టుకుంటూ పోయాం.

సరిచేసి చివరిదాకా చేశాను. శేషం ఒకటి.

మీ దగ్గరున్న ఆ కాగితం తీసి చూడండి. చూసి చెప్పకపోయినా మీరు చూస్తారని నాకు తెలుసు.

ఇన్నయ్య


తార్నాక
1969 ఏప్రిల్ 2

ఇన్నయ్య గారికి,

చూశాను. మీ సున్నాకు తోక ఉంది. తెలుగు సరే, అంకెలు కూడా ఎవరికీ అర్థం కాకుండా రాయడం ఒక విద్య.

మొత్తం మిషను మీద మళ్ళీ చేశాను. మిషను ఇంటికి తెచ్చుకున్నాను. నాకూ ఒకటే వచ్చింది. నేను డిసెంబరులో చదివింది తప్పు. ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను. కాబట్టి దీన్ని మళ్ళీ మళ్ళీ రాయించాలని చూడకండి.

సంబరపడవద్దు. శేషం ఒకటి వచ్చినంత మాత్రాన అది ప్రధాన సంఖ్య అని రుజువు కాదు. ఆ పరీక్షలో నెగ్గే దొంగ సంఖ్యలు ఉన్నాయి. మీరు గెలిచారనుకుంటున్నది ఇంకా మీ నమ్మకమే.

రుజువుకు దారి ఉంది. మన సంఖ్యలోంచి ఒకటి తీసేయండి. పద్దెనిమిది ఒకట్లు, చివర ఒక సున్నా. అది ఎంత గట్టిగా కనబడినా బొమ్మరిల్లులా విడిపోతుంది: రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పంతొమ్మిది, ముప్పై ఏడు, తర్వాత 52579, 333667. మూడు ఒక్కటే రెండుసార్లు వస్తుంది. ఇవి పది ప్రధాన సంఖ్యలు. మూడును హెచ్చించే సార్ల సంఖ్యను వీటిలో ఒక్కొక్కదానితో భాగించి, అన్నిసార్లే హెచ్చించి మళ్ళీ శేషం చూడాలి. పదింటిలో ఏ ఒక్కచోటా ఒకటి రాకూడదు. ఎక్కడైనా మూడు కుదరకపోతే అక్కడ ఐదో ఏడో తీసుకోవచ్చు. పదీ దాటితే అది ప్రధాన సంఖ్య అని ఎవరూ కాదనలేరు. పక్కవాడు ముక్కలైతేనే దీని గట్టితనం తెలిసేది.

వర్గాలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి ఒక్కోదానికి కొన్ని గుణకారాలు చాలు. చిన్నవి ఐదూ నావి. పెద్దవి ఐదూ మీవి. మీరు చేసింది నేను సరిచూస్తాను, నేను చేసింది మీరు. ఇది స్నేహం అనుకోవద్దు. మీ మీద నాకు నమ్మకం లేదు, నా మీద మీకు లేదు. సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి జోడీ దొరకదు.

మీరు చెప్పమన్నది అమ్మకు చెప్పాను. ఆవిడ నాకన్నా త్వరగా నమ్మింది.

విశాలాక్షి


లాలాపేట
1969 జూన్ 20

మేడమ్ గారికి,

ఈ అక్షరాలు చూసి మళ్ళీ తోకలు వెతకకండి. ఎడమ చేత్తో రాస్తున్నాను. సికింద్రాబాద్‌లో పోలీసు లాఠీ కుడి మణికట్టు మీద పడింది. కట్టు కట్టారు. మీరు అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను, మళ్ళీ చేయి పనికొస్తుందట.

మీ ఐదూ సరిచూశాను. తప్పు దొరుకుతుందేమోనని మరీ వెతికాను. దొరకలేదు. నావి నాలుగయ్యాయి. దేనికీ ఒకటి రాలేదు. 333667 ఒక్కటి మిగిలింది. చేయి విరిగిందని అది మీరు అందుకోవద్దు. నేనే చేస్తాను. ఆలస్యమైతది. 'అవుతుంది' కాదు.

ఇంటర్వ్యూ వచ్చే నెలలో పెట్టారని విన్నాను. డిసెంబరు వ్యాసం ఇంకా మీ దరఖాస్తుకు కుట్టి ఉందా, విప్పారా?

ఇన్నయ్య


తార్నాక
1969 జులై 25

ఇన్నయ్య గారికి,

విప్పలేదు. దాంతోనే లోపలికి వెళ్ళి, వాళ్ళు అడగకముందే అది తప్పని చెప్పాను. ఒకాయన, "అయితే దరఖాస్తులో ఎందుకుంచావమ్మా?" అన్నాడు. "తీసేస్తే దాచినట్టవుతుంది" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పోస్టు మరొకరికి వచ్చింది. నిజం చెప్పినందుకు పోయిందని కథలల్లకండి. ఆయన పేరు ముందే ఖాయమైందట. మీ ఓదార్పు నాకు అక్కర్లేదు. మీరు ఓదార్చరు కూడా. ఆ విషయంలో మీ మీద గౌరవం ఉంది.

యూనివర్సిటీ తెరిచాక, చదివిన గదిలోనే తప్పు దిద్దుకుంటాను. మీ పదోది పూర్తి చేసి పంపండి. చేయి నొప్పిగా ఉంటే కబురు పెట్టండి, మిషను పంపుతాను.

విశాలాక్షి


లాలాపేట
1969 ఆగస్టు 24

మేడమ్ గారికి,

మిషను అక్కర్లేదు. పదోది జత చేశాను. ఒకటి రాలేదు. సరిచూసుకోండి.

ఇప్పుడు నమ్మకం అనే మాట నేను వాడను. అది ప్రధాన సంఖ్య. ఇంకొకటి గమనించాను. ఒకటిని దానితో భాగిస్తే పద్దెనిమిది సున్నాలు, ఒక తొమ్మిది, మళ్ళీ పద్దెనిమిది సున్నాలు, ఒక తొమ్మిది, అట్లా అంతం లేకుండా వస్తుంది. అచ్చంగా పంతొమ్మిది అంకెలకోసారి ఇట్లా తిరిగి వచ్చే ప్రధాన సంఖ్య లోకంలో ఇంకొకటి లేదు. ఉంటే అది మన సంఖ్యను భాగించాలి. దీన్ని భాగించేది ఏదీ లేదు. దానికి జత లేదు మేడమ్. ఈ సంగతి ఎవరితోనైనా చెప్పాలనిపించింది. అర్థమయ్యే మనిషి ఈ దిక్కున మీరొక్కరే కావడం నా ఖర్మ.

మీరు చదివే రోజు వస్తాను. మొదటి వరుసలో కూర్చుంటాను. ఒక్క మాట మింగినా లేచి చెబుతాను.

ఇన్నయ్య


హాస్టలు, యూనివర్సిటీ క్యాంపస్
1969 అక్టోబరు 15

మేడమ్ గారికి,

నిన్న మీరు నిలబడి, "డిసెంబరులో నేను చదివింది తప్పు. తప్పును కనిపెట్టింది ఇన్నయ్య. ఈ రుజువు మా ఇద్దరిది" అన్నారు. వెనక నుంచి కుర్రాళ్ళు 'గో బ్యాక్' అని మొదలుపెట్టారు. మీరు సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. నేను లేచి, "ఏయ్, కూసోండ్రి! గామె లెక్క చెప్తున్నది. లెక్క అయినంక ఎంతన్న ఒర్రుండ్రి" అన్నాను. కూర్చున్నారు. అది మీ కోసం చేసింది కాదు. రుజువు సగంలో ఆగితే నేను భరించలేను.

కానీ ఆ తర్వాత మీరన్న మాట! "ఇది కొత్త సంగతి కాదు. యాభై ఏళ్ళ కిందటే విదేశాల్లో ఒకాయన రుజువు చేశారని బొంబాయి ప్రొఫెసరు ఒకరు ఏప్రిల్‌లో నాకు రాశారు."

ఏప్రిల్! అప్పటినుంచి మీకు తెలుసు. నేను జూన్‌లో ఎడమ చేత్తో గుణకారాలు చేశాను. కట్టు కింద చేయి వాచి, చిన్నాయన కాగితాలు లాక్కుంటే ఆయనతో కొట్లాడాను. ఎవరో ఎప్పుడో చేసేసిన పని కోసం! ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేది. మీరు రాయలేదు. గేటు మీద తారు పూసినవాళ్ళు మీకు చేసింది ఒక్క పూటది. మీరు నాకు చేసింది ఐదు నెలలది.

ఎందుకు చెప్పలేదు? మొదటిసారి మిమ్మల్ని అడుగుతున్నాను. జవాబు కావాలి.

ఇన్నయ్య


తార్నాక
1969 అక్టోబరు 19

ఇన్నయ్యా,

అడిగావు కాబట్టి చెబుతాను.

బొంబాయి ఉత్తరం వచ్చిన రోజు నీ మీద ఇంకా కోపంగానే ఉన్నాను. కష్టపడనీ అనుకున్నాను. అది నిజం. దాన్ని తియ్యగా మార్చి రాయడం నాకు చేతకాదు.

కానీ నా ఐదు పరీక్షలు అప్పటికి ఇంకా మొదలుకాలేదు. సంగతి తెలిసీ కూర్చుని పిడి తిప్పాను. ఎందుకు తిప్పుతున్నానని నన్ను నేను అడుక్కున్నాను. ఆ విదేశీయుడి రుజువు నేను చూడలేదు. బొంబాయి ఆయనా చూడలేదు, ఎక్కడో చదివాడు. 'రుజువైందట' అన్న మాట నా చేతికొచ్చింది, అంతే. డిసెంబరులో నేను ఆ గదికి ఇచ్చింది కూడా అలాంటి 'అట'నే కదా. విన్నవాళ్ళంతా తలలూపారు. నువ్వొక్కడివే ఊపలేదు.

నీకు చెబితే ఆపేసేవాడివి. నేనూ ఆపేసేదాన్ని. ఇద్దరం ఇంకొకరి మాట మీద బతికేవాళ్ళం. ఇప్పుడు ఆ సంఖ్య గురించి ఈ ఊళ్ళో ఇద్దరికి తెలుసు. వినడం వేరు, తెలియడం వేరు. నీ మణికట్టుకు ఇది సమాధానం కాదని నాకు తెలుసు. తిట్టుకో.

ఆ రోజు నువ్వు లేచి కేకలు వేయకపోయినా నేను చదివేదాన్నే. సుద్దముక్క పట్టుకుని నిలబడింది భయంతో కాదు. వాళ్ళు ఆగేదాకా నిలబడదామని. నీ వల్ల నా పట్టుదల సగంలో ఆగింది.

రీడర్ పోస్టు వచ్చినాయన సంఖ్యా సిద్ధాంతం చెప్పలేనన్నాడు. ఎం.ఎస్సీ. మొదటి ఏడాది వాళ్ళకు ఆ పాఠం నువ్వు చెప్పాలని శాఖాధిపతి గారికి రాసి ఇచ్చాను. ఆయన ఒప్పుకున్నారు. వచ్చే సోమవారం మొదటి గంట. నీకు ఇష్టం లేకపోతే ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పుకో, నా దగ్గరికి రాకు.

వెనక వరుసలో వరంగల్ నుంచి వచ్చిన సోమమ్మ అనే అమ్మాయి కూర్చుంటుంది. నోరు తెరవదు. ఏదైనా తప్పు చెబితే మాత్రం పెన్ను కింద పెట్టేస్తుంది. నేను చెప్పేటప్పుడు రెండుసార్లు పెట్టింది. జాగ్రత్తగా చదువుకుని వెళ్ళు.

విశాలాక్షి